వెళ్లిపోగలిగీ ఉండిపోతే

పరవస్తు చిన్నయ సూరి నీతిచంద్రిక చదివినవాళ్లకు హిరణ్యకుడనే ఎలుక గుర్తుండే ఉంటుంది. లఘుపతనకమనే కాకి వెతుక్కుంటూ వచ్చి స్నేహం చేద్దామంటుంది. ఎలుక కన్నంలోంచి బయటకు రాకుండానే బదులిస్తుంది. నేను నీకు తిండిని, నువ్వు నన్ను తినేదానివి, మనకు స్నేహం ఎలా కుదురుతుందని దాని ప్రశ్న. కాకికి తన మీద ఎంత ప్రేమ ఉందో అది ఆరా తీయలేదు. ముందు అడిగింది బలాబలాల గురించి.

మనుషులకూ జంతువులకూ మధ్య నిజమైన స్నేహం ఉంటుందా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా ఎలుక అడిగిన ఈ ప్రశ్న మూలకు పోతుంది. కుక్కకు నిజంగా ప్రేమ ఉందా, పిల్లికి విశ్వాసం ఉందా, ఏనుగు మనల్ని గుర్తుపెట్టుకుంటుందా అని జంతువును పరీక్షకు కూర్చోబెడతాం. అది పాసైందా ఫెయిలైందా అని మార్కులు వేస్తాం. కానీ ఈ కథలో కాకి వేషం మనిషిదే. కాబట్టి పరీక్ష రాయాల్సిందీ మనిషే.

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో స్నేహాన్ని మూడు రకాలుగా విడదీశాడు. అవసరం కోసం చేసేది, సరదా కోసం చేసేది, ఎదుటివాడి మంచితనం చూసి చేసేది. మూడోదే అసలైనదన్నాడు. అదే గ్రంథంలో గుర్రంతోనూ ఎద్దుతోనూ స్నేహం ఉండదని, బానిసతో కూడా బానిసగా ఉన్నంతవరకు ఉండదని ఒకే ఊపులో అనేశాడు. ఏలేవాడికీ ఏలుబడిలో ఉన్నవాడికీ మధ్య ఉమ్మడిగా ఏమీ లేనప్పుడు స్నేహం పుట్టదని ఆయన వాదన. బానిస కూడా మనిషే కదా, మనిషిగా అతనితో స్నేహం చేయొచ్చని వెంటనే ఒక మినహాయింపు ఇచ్చాడు. ఎద్దుకు ఆ మినహాయింపు దొరకలేదు.

జంతువుతో స్నేహం కుదరదనేవాళ్లు ఇప్పటికీ ఈ మాటనే చూపిస్తారు. అయితే ఎద్దును తీసుకెళ్లి బానిస పక్కన ఎందుకు నిలబెట్టాడో ఎక్కువమంది పట్టించుకోరు. బానిసతో స్నేహం కుదరనిది బానిసకు తెలివి లేక కాదు. అతను యజమాని చేతిలో ప్రాణమున్న పనిముట్టు కాబట్టి. ఎద్దు సంగతీ అంతేనేమో అన్న అనుమానం అక్కడే రావాలి.

జంతువుల మనసు గురించి ఈ పాతికేళ్లలో తెలిసింది తక్కువేమీ కాదు. 2015లో జపాన్ పరిశోధకులు కుక్కల్నీ వాటి యజమానుల్నీ ఒక గదిలో అరగంట ఉంచి, ముందూ తర్వాతా మూత్రంలో ఆక్సిటోసిన్ కొలిచారు. తల్లీబిడ్డల మధ్య అనుబంధంలో పెద్ద పాత్ర ఉన్న హార్మోన్ ఇది. ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో కుక్కకూ పెరిగింది, మనిషికీ పెరిగింది. చిన్నప్పటినుంచి మనుషులు పెంచిన తోడేళ్లతో అదే పని చేస్తే అలా జరగలేదు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ బర్న్స్ బృందం కుక్కల్ని మత్తు లేకుండా ఎంఆర్ఐ స్కానర్‌లో కదలకుండా పడుకోవడానికి తర్ఫీదు ఇచ్చింది. సాసేజ్ ముక్క దొరకబోతోందన్నప్పుడు, యజమాని మెచ్చుకోబోతున్నాడన్నప్పుడు మెదడు ఎలా స్పందిస్తోందో పోల్చి చూసింది. 15 కుక్కల్లో 13 మెచ్చుకోలుకు తిండితో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో స్పందించాయి. ‘అన్నం పెడతాం కాబట్టి తోకాడిస్తుంది’ అనే మాటకు ఇది తగిన జవాబే.

కోతిజాతుల్లో, ఆవుల్లో, గుర్రాల్లో తమలో తాము ఎంచుకున్న తోడు ఉంటుందని కూడా తేలింది. ఆఫ్రికాలోని బబూన్ కోతుల్లో అలాంటి గట్టి బంధాలున్న ఆడవి ఎక్కువకాలం బతుకుతాయి. అంటే స్నేహం చేయగలిగే సరుకు జంతువుల్లో ఉంది.

కాకపోతే మనకు కావలసింది చదివేసుకునే అలవాటు మనకుంది. ఇంట్లో సోఫా చింపిన కుక్క తల వంచి, చెవులు వెనక్కి పెట్టి, కళ్లు పక్కకు తిప్పుకుంటే ‘చూడు, తప్పు చేశానని దానికి తెలుసు’ అంటారు. 2009లో కుక్కల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ఈ నమ్మకాన్ని చాలా తెలివిగా పరీక్షించింది. యజమాని కుక్క ముందు బిస్కెట్ పెట్టి, తినొద్దని చెప్పి బయటకు వెళ్తాడు. లోపల ఏం జరిగిందో పరిశోధకురాలే వచ్చి చెబుతుంది. కొన్నిసార్లు నిజం చెబుతుంది, కొన్నిసార్లు తినని కుక్కను తిన్నదని చెబుతుంది. ఆ అపరాధి మొహం కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. ఇంకా చిత్రం, ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ మొహం మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. మనం పశ్చాత్తాపం అనుకున్నది భయంతో కూడిన బుజ్జగింపు. స్నేహితుల మధ్య ఇలా తప్పు చదవడం జరగదని కాదు. కానీ తప్పుగా చదివావని చెప్పే నోరు ఇక్కడ రెండోవాళ్లకు లేదు.

కనుక మనసు ఉందా అన్న ప్రశ్నకు ఉందనే చెప్పుకోవచ్చు. చిక్కు వేరే చోట ఉంది.

అరిస్టాటిల్ ఎద్దు దగ్గరికే వెళ్దాం, తెలుగు నేలకు ఎద్దు కొత్త కాదు. ట్రాక్టర్లు రాకముందు కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఎడమది దాపట, కుడిది వలపట. ఏది దాపటికి కుదురుతుందో, ఏది వలపటికి కుదురుతుందో రైతుకే తెలియాలి. మడిచెక్క చివర మళ్లేటప్పుడు ఏది ముందు బరువు తీసుకుంటుందో, ఏది అరక్షణం ఆగి చూస్తుందో, ఎండెక్కితే ఏది మొండికేస్తుందో కూడా అతనికే తెలుసు. ఎడ్లకూ అతని గొంతు తెలుసు. చర్నాకోల ఝళిపించేవాడికీ, చేత్తో తట్టేవాడికీ తేడా తెలుసు. ఉమ్మడిగా ఏమీ లేదన్న అరిస్టాటిల్ మాట ఇక్కడ నిలవదు. ఏళ్ల తరబడి ఒకే చాలు వెంట నడిచినవాళ్ల మధ్య ఉమ్మడి పని ఉంది, ఉమ్మడి అలసట ఉంది. కనుమ నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గజ్జెలు కట్టి పొంగలి పెట్టడం ఉత్త తంతు అనుకోవడం కూడా సరికాదు.

అయితే అదే ఎద్దు ఒకరోజు సంతకు వెళ్తుంది. అక్కడ బేరగాడు మూతి పట్టుకుని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. గిట్టలు చూస్తాడు, మెడ మీద కాడి కాయ చూస్తాడు. తర్వాత అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ కండువా కింద కలిపి, వేళ్లు నొక్కుతూ ధర తేలుస్తారు. ఎద్దుకు వినపడకూడదని కాదు ఈ దాపరికం, పక్కనున్న బేరగాళ్లకు తెలియకూడదని. ముసలిదైతే అది వెళ్లే చోటు ఏదో అమ్మేవాడికీ కొనేవాడికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. కళ్లనీళ్లు పెట్టుకుని అమ్మిన రైతులున్నారు. అప్పులో ఉన్న మనిషిని ఇక్కడ బోనెక్కించడం అన్యాయం. కానీ ఎంత ఏడ్చి అమ్మినా అమ్మకం అమ్మకమే. స్నేహితుడికి ధర కట్టే హక్కు చేతిలో ఉన్నాక, ఆ హక్కును వాడినా వాడకపోయినా, ఆ బంధం పేరు మారిపోతుంది. అమ్మిన ఎద్దు పలుపు తెంచుకుని పాత కొట్టానికి నడిచొచ్చిందన్న కథ ఊరికొకటి వినపడుతుంది. అది మనిషి కోసం వచ్చిందా, గాటి కోసం వచ్చిందా అని అడగొచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి, వచ్చిన ఎద్దును మళ్లీ తోలుకెళ్లి కొన్నవాడికి అప్పగించడమే ఆ కథలో మామూలుగా జరిగేది.

పెంపుడు కుక్క సంగతి ఇంత కటువుగా ఉండదు, ఎందుకంటే దాన్ని ప్రేమ కోసమే తెచ్చుకుంటాం. కుక్కతో మనిషి పొత్తు చాలా పాతది. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్‌లో సుమారు 14 వేల ఏళ్ల కిందటి సమాధి ఒకటి 1914లో బయటపడింది. ఇద్దరు మనుషులతో పాటు ఒక కుక్కపిల్లనూ పాతిపెట్టారు. దాని పళ్లను చాలా ఏళ్ల తర్వాత పరిశీలిస్తే, అది డిస్టెంపర్ జబ్బుతో వారాల తరబడి తీసుకుందని తేలింది. ఎవరో పక్కన కూర్చుని నీళ్లు పట్టి, వెచ్చగా ఉంచకపోతే అన్ని రోజులు బతికేది కాదు. జబ్బుపడిన ఏడు నెలల పిల్ల మనిషికి బరువే తప్ప వేటకు సాయం కాదు. అవసరం కోసమే కుక్కను చేరదీశారనే వాదానికి ఈ చిన్న ఎముకల కుప్ప అడ్డు నిలుస్తుంది.

అయినా ఇవాళ అపార్ట్‌మెంట్లో ఉండే లాబ్రడార్ రోజును గమనిస్తే ఒకటి కనిపిస్తుంది. ఎప్పుడు తినాలో, ఎప్పుడు బయటకు వెళ్లాలో, ఎప్పుడు మూత్రం పోయాలో, తోడు కట్టాలో వద్దో, ఆపరేషన్ చేయించాలో వద్దో, చివరికి జబ్బు ముదిరితే సూది వేయించాలో లేదో, అన్నీ వేరొకరు నిర్ణయిస్తారు. ప్రేమతోనే నిర్ణయిస్తారు. కనుబొమలు ఎత్తి జాలిగా చూడడానికి పనికొచ్చే కండరం కుక్కల్లో ఉంది, తోడేళ్లలో దాదాపు లేదు అని 2019లో తేలింది. మన జాలిని గెలుచుకోవడానికి అనువుగా మొహమే మారిన జీవి అది. అలాంటి జీవి మనల్ని ఎంచుకుందని చెప్పడం కష్టం. దాని తరతరాల్ని మనమే ఎంచాం.

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. జంతుస్నేహానికి దీన్ని మించిన ఉదాహరణ లేదని చాలామంది అంటారు. ఆ వాదన కాస్త నిలిపి చూడాలి. అది నా స్నేహితుడు అని ధర్మరాజు అనడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలేయడం మహాపాపం అంటాడు. ఆశ్రితుడి పట్ల ధర్మం అది. పెంపుడు జంతువుతో మన బంధాన్ని ఈ మాట స్నేహం కంటే ఖచ్చితంగా పట్టుకుంటుంది. తల్లిదండ్రుల ప్రేమ స్నేహం కానంత మాత్రాన తక్కువైపోదు, ఇదీ అంతే. తేడా ఏమిటంటే, బిడ్డ పెరిగి పెద్దవాడై ఒకరోజు తల్లిదండ్రులతో సమానంగా కూర్చుని కాఫీ తాగుతాడు. కుక్కకు ఆ రోజు రాదు.

మరి బలం చెల్లని చోట, అంటే జంతువు ఎప్పుడైనా వెళ్లిపోగలిగిన చోట ఏం జరుగుతుంది?

మొజాంబిక్‌లోని నియాసా అడవుల్లో యావో జాతివాళ్లు తేనెకు వెళ్లేటప్పుడు నాలుక ఆడిస్తూ ‘బ్ర్ర్ర్-హ్మ్’ అని ఒక కేక వేస్తారు. ఆ కేక విని హనీగైడ్ అనే చిన్న పిట్ట వచ్చి, చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ తేనెపట్టు దగ్గరికి దారి తీస్తుంది. ఎవరూ పట్టి మచ్చిక చేసిన పిట్ట కాదు. వేరే శబ్దాలు చేస్తే పిట్ట దారి చూపే అవకాశం 33 శాతం, ఈ కేక వేస్తే 66 శాతం అని 2016లో క్లేర్ స్పాటిస్‌వుడ్ బృందం లెక్కగట్టింది. మనుషులు పొగ పెట్టి పట్టు పగలగొట్టి తేనె తీసుకుంటారు, పిట్టకు మైనం, పురుగులు మిగులుతాయి. యావోలు దాని వాటా ఆకుల మీద పెట్టి మరీ ఇస్తారు. టాంజానియాలో హడ్జా జాతివాళ్లు మాత్రం మైనాన్ని తరచుగా కాల్చేస్తారు, కడుపు నిండితే పిట్ట మళ్లీ దారి చూపదని! బ్రెజిల్‌లో లగూనా దగ్గర జాలర్లకూ డాల్ఫిన్లకూ ఇలాంటి పొత్తే 140 ఏళ్లకు పైగా నడుస్తోంది. అక్కడ నడుంలోతు బురదనీళ్లలో వల పట్టుకుని వరసగా నిలబడతారు. డాల్ఫిన్లు చేపల గుంపును తరుముకొచ్చి ఒక్కసారి వీపు విరిచి మునగగానే వల విసురుతారు. బాగా సహకరించే డాల్ఫిన్లకు పేర్లు కూడా పెట్టుకున్నారు.

ఇక్కడ బలవంతం లేదు, సమానత్వం చాలావరకు ఉంది. కానీ పిట్టకు ఏ యావో మనిషైనా ఒకటే. కేక వేస్తే చాలు. ఇది నిక్కచ్చిగా అవసరం కోసం చేసే స్నేహం, అరిస్టాటిల్ మొదటి రకం. స్వేచ్ఛ ఉంది, ప్రత్యేకమైన ఒక మనిషి మీద మమకారం లేదు. పెంపుడు కుక్కలో మమకారం ఉంది, స్వేచ్ఛ లేదు. రెండూ ఒకచోట కలిసిన సందర్భాలు అరుదు, అవి కనిపించినప్పుడు ఏం చేయాలో మన చట్టాలకూ తోచదు.

ఉత్తరప్రదేశ్‌లోని అమేథీ జిల్లాలో ఒక రైతుకు 2022లో పొలంలో కాలు విరిగిన సారస్ కొంగ దొరికింది. నిలబడితే మనిషంత ఎత్తుండే పక్షి. కట్టు కట్టి, ఇంటి దగ్గర ఉంచి బాగుచేశాడు. నయమయ్యాక ఎగిరిపోతుందనుకున్నాడు. అది పోలేదు. అడవి వైపు తిరిగి మళ్లీ ఇంటికే వచ్చేది, అతను మోటార్‌సైకిల్ మీద వెళ్తుంటే పైన ఎగురుతూ వెంట వచ్చేది, అతని కంచంలోనే తినేది. పంజరం లేదు, గొలుసు లేదు, రెక్కలు కత్తిరించలేదు. ఆ వీడియోలు దేశమంతా తిరిగాక 2023 మార్చిలో అటవీశాఖ పక్షిని తీసుకెళ్లింది. రాయ్‌బరేలీ జిల్లాలోని సమస్‌పూర్ పక్షుల అభయారణ్యంలో వదిలితే అక్కడ నిలవలేదు. ఒక ఊళ్లో దొరికితే పట్టి కాన్పూర్ జూకు తరలించారు. రైతు మీద వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పెట్టారు. ఏప్రిల్‌లో అతను జూకు వెళ్లినప్పుడు, వల అవతల ఆ పక్షి అతన్ని చూడగానే రెక్కలు విప్పి అటూ ఇటూ గెంతింది.

అటవీశాఖ వాదన కొట్టిపారేసేది కాదు. అడవి పక్షి మనిషికి అలవాటు పడితే అందరు మనుషుల్నీ నమ్ముతుంది, ఆ నమ్మకమే దాన్ని చంపుతుంది. జత కట్టే వయసులో మనుషుల మధ్య తిరిగితే గుడ్లు పెట్టదు. కొంగజాతుల్లో ఈ రెండో ప్రమాదం ఎంత దూరం వెళ్తుందో చెప్పే కథ అమెరికాలో ఉంది. 1941 నాటికి ప్రపంచం మొత్తం మీద పాతిక కూడా మిగలని హూపింగ్ క్రేన్ జాతిలో టెక్స్ అనే ఆడపక్షి 1967లో పుట్టింది. మనుషుల చేతుల్లో పెరిగి మనుషుల్నే తన జాతి అనుకుంది, మగపక్షుల్ని దగ్గరికి రానివ్వలేదు. అంతర్జాతీయ క్రేన్ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకరైన జార్జ్ ఆర్చిబాల్డ్ 1976 నుంచి దాని పక్కనే చిన్న షెడ్డులో మకాం పెట్టి, కొంగల తీరులో గెంతుతూ, చేతులు రెక్కల్లా ఆడిస్తూ దానితో డాన్స్ చేసేవాడు. అలా చేస్తేనే అది గుడ్డు పెట్టే స్థితికి వచ్చేది. కృత్రిమ గర్భధారణతో 1982లో ఒక పిల్ల పుట్టింది. అదే ఏడాది రాకూన్లనే చిన్న అడవి జంతువులు టెక్స్‌ను చంపేశాయి.

ఆర్చిబాల్డ్ ఆ పక్షికి ఇచ్చినంత సమయం చాలామంది కట్టుకున్నవాళ్లకు కూడా ఇవ్వరు. కానీ వాళ్లిద్దరిలో ఒకరికే నాటకం తెలుసు. టెక్స్‌కు అతను జత, అతనికి టెక్స్ జాతిని నిలబెట్టే ప్రయత్నం. మంచి ఉద్దేశంతో చేసినదైనా దాన్ని స్నేహం అనడానికి మనసొప్పదు. అమేథీ కొంగ విషయంలో ఆ నాటకం లేదు. రైతు దాని నుంచి ఏమీ ఆశించలేదు, అది ఎగిరిపోగలిగీ పోలేదు. స్నేహం అని ధైర్యంగా అనగలిగిన బంధం ఏదైనా ఉంటే ఇది దానికి బాగా దగ్గర. దాన్ని తెంచింది కొంగ మనసులోని లోపం కాదు, ఆఫీసు కాగితం. ఆ కాగితం తప్పు అని కూడా తేలిగ్గా అనలేం, ఎందుకంటే రేపు వీడియోల మోజులో పదిమంది పది కొంగపిల్లల్ని ఇంటికి తెచ్చుకుంటే ఆపాల్సింది ఆ చట్టమే.

ఇంత దూరం వెళ్లనవసరం లేకుండా, వెళ్లిపోగలిగీ ఉండిపోయే జంతువు మన వీధిలోనే ఒకటుంది. టీ కొట్టు దగ్గరో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో పడుకునే ఊరకుక్క. పశ్చిమ బెంగాల్ వీధికుక్కల మీద ఐసర్ కోల్‌కతా అనే విజ్ఞానశాస్త్ర సంస్థ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనం ఆసక్తికరంగా ఉంటుంది. ముక్కూమొహం తెలియని మనిషి పదేపదే వచ్చి కొన్ని కుక్కలకు తిండి పెట్టాడు, కొన్నింటి తల నిమిరాడు. ఆ మనిషిని ఎక్కువ నమ్మినవి నిమిరించుకున్న కుక్కలు. సగం ఆకలితో బతికే జంతువుల సంగతి ఇది. అదే సంస్థ మరో అధ్యయనం ప్రకారం వీధిలో పుట్టిన కుక్కపిల్లల్లో ఏడో నెల చూసేవి ఐదింట ఒకటి కూడా ఉండవు, ఆ చావుల్లో 63 శాతానికి మనుషుల చేతలే కారణం. తనవాళ్లను అంతగా చంపిన జాతికి చెందిన ఒక్కడి చేతి కిందకు వచ్చి తల పెట్టడమంటే, ఆ ఒక్కణ్నీ విడిగా గుర్తించి నమ్మడమే.

ఆ ప్రత్యేకతే మళ్లీ చిక్కు. స్నేహం ఒకరితో ఉంటుంది, ఊరందరితో కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబును చంపేశాయి. వీధికుక్కలు ఎవరికో ఒకరికి నేస్తాలైతే కావచ్చు, దారిన పోయే పసివాడికి ఆ స్నేహంలో వాటా లేదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించమంది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అయ్యాక పట్టిన చోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటికి, దూకుడుగా ఉండేవాటికి ఇది వర్తించదంది. తిండి మాత్రం వార్డులో కేటాయించిన చోటే పెట్టాలంది. కుక్క ఆ ప్రాంతానిది అని ఇలా తేలింది. రోజూ రాత్రి దానికి పెరుగన్నం పెట్టే మనిషికి అది ఏమవుతుందన్నది ఏ ఉత్తర్వులోనూ ఉండదు.

ఆ మనిషి తరచుగా అనే మాట ‘మా కుక్క ఎవర్నీ ఏమీ అనదండీ’. నిజానికి అతనికి తెలిసింది ‘నన్ను ఏమీ అనదు’ అన్నంతవరకే. ఈ రెండింటి మధ్య తేడా తెలిసినవాళ్లు కొందరుంటారు. బైకుల వెంట పడుతోందని పక్కింటావిడ ఫిర్యాదు చేస్తే వాదనకు దిగరు. మునిసిపాలిటీ బండి వచ్చిన రోజు వలవాళ్లకు అందకుండా కార్ల కింద దూరిన దాన్ని పేరు పెట్టి పిలిచి, మెడ పట్టుకుని కూర్చుని రేబిస్ టీకా వేయించేది వాళ్లే.